కడాన తినే మనిషి

మొన్న తిరుపతిలో మా మేనకోడలు నాకొక నారింజ రంగు బనియను తొడిగింది. తొడిగింది అంటే, అది మెడ దాకా సుఖంగానే దిగింది, ఆపైన పొట్ట దగ్గర సరిహద్దు తగాదా మొదలైంది. వాళ్ల వీధి పిల్లలంతా కలిసి ఫుడ్ బ్యాంకు ఒకటి పెట్టారు. పెళ్లిళ్లలో మిగిలిన అన్నం, కొట్లలో మిగిలిన రొట్టెలు, ఇళ్లలో ఎక్కువైన పప్పూ బియ్యమూ తెచ్చి ఒక గదిలో పేర్చి, కావలసినవాళ్లకు ఇస్తారు. హాస్యరచయిత అంటే ఖర్చు లేని ముఖ్య అతిథి కనుక నన్ను పిలిచి, ఎలాగూ వచ్చాను కదా అని పొట్లాల మీద కాగితాలు అంటించే పనికి కూర్చోబెట్టారు. కూర్చోబెట్టే ముందు అమ్మాయి నియమాలు చెప్పింది. వచ్చినవాళ్ల పేరడగకూడదు. ఊరడగకూడదు. ముఖం వంక తేరిపార చూడకూడదు. అన్నిటికంటే ముఖ్యంగా "తిన్నారా?" అని అస్సలు అడగకూడదు. "వాళ్లకు నామోషీగా ఉంటాది మామా" అంది. చిత్తూరులో పుట్టి, ఎదురుపడిన ప్రతి ప్రాణినీ, ఆఖరికి పక్కింటి కొట్టంలో పాలిచ్చే ఎనుమును కూడా "తింటివా?" అని పలకరించి పెరిగిన నాకు నోటికి తాళం వేసినట్టయింది. కాగితాలు అంటిస్తూ కూర్చున్నాను గానీ, మనసు అక్కడి నుంచి జారుకుని, బస్సు కూడా ఎక్కకుండా, చిత్తూరు సత్రం పెరట్లోకి పోయి నిలబడింది.

ఆ ఏడు కరువు. మా వైపు కరువు కొత్త చుట్టమేమీ కాదు, వస్తూ పోతూ ఉండేదే. కానీ ఆ ఏడాది మటుకు పెట్టే బేడా సర్దుకుని కాపురానికే వచ్చేసింది. నీవా నదిలో నీళ్లు చూసినవాళ్లను ఊళ్లో పెద్ద మనుషుల కింద జమకట్టేవారు. ఏట్లో ఇసకలో చెనిక్కాయలు పోస్తే పొయ్యి లేకుండా వేగేవి, కాకపోతే పొయ్యడానికి చెనిక్కాయలు లేవు. మా వీధి కుక్కలు దొంగలను చూసి మొరగడం మానేసి, నోరు తడారిపోతుందని కళ్లతోనే మందలించేవి. నేను బి.ఎ. పరీక్ష రాసి, ఇంగ్లీషు పేపరుతో ఏర్పడిన అభిప్రాయభేదం వల్ల ఇంట్లో కూర్చుని ఉన్నాను. మాకు బజారు వీధిలో బియ్యం మండీ. గోనె సంచుల వాసన, తవుడు వాసన, మా నాయన వేసుకునే తాంబూలం వాసన, ఈ మూడూ కలిసి మండీలో ఎంత దట్టంగా ఉండేవంటే, గోడకు కుర్చీ ఆనించినట్టు ఆ వాసనకు ఆనుకుని నిద్రపోవచ్చు. నేను పోయేవాణ్ని కూడా. నిద్రపోయే సగం పట్టభద్రుణ్ని కళ్ల ముందర పెట్టుకోవడం కంటే ఊరికి దానం చెయ్యడం మేలని మా నాయన అనుకుంటున్న రోజుల్లో, ఆ దానం పుచ్చుకోవడానికి వేదవల్లమ్మ గారు వచ్చారు.

వేదవల్లమ్మ గారు మా వీధి చివర ఉండే పంతులమ్మ. ఉద్యోగం ముగిసినా గొంతు మాత్రం ఇంకా క్లాసులోనే ఉండేది. పుట్టింటివాళ్లు తరతరాలుగా తిరుమలలో కోవెల సేవ చేసినవాళ్లు, అందువల్ల ఆమె మడి మామూలు మడి కాదు. ఒకరింట్లో మంచినీళ్లు కూడా తాగేది కాదు. తన నీడ మీద ఇంకొకరి నీడ పడితే, పాపం, రెంటినీ ఉతికి ఆరేసుకునేదని మా వీధిలో చెప్పుకునేవారు. ఆవిడ పుట్టించిందే పిడికెడు బియ్యం పథకం. ఎసరు పెట్టి బియ్యం కొలిచేటప్పుడు ప్రతి ఇల్లాలూ ఒక పిడికెడు తీసి వేరే సట్టిలో వెయ్యాలి. వారానికోసారి మేం వెళ్లి ఆ సట్లన్నీ బోర్లించుకుని రావాలి. ఆ బియ్యంతో సత్రం పెరట్లో వండి, పల్లెల నుంచి వచ్చేవాళ్లకు మధ్యాహ్నం పూట పెట్టాలి. మేం అంటే నేనూ, దర్జీ కొడుకు మునిరత్నమూ. మునిరత్నం ఎంత సన్నగా ఉండేవాడంటే వాళ్ల నాయన అంగడిలో టేపు కనబడకపోతే ముందు వాణ్ని పట్టుకుని చూసేవాడు.

పిడికిళ్లలో ఎన్ని రకాలున్నాయో నాకు అప్పుడు తెలిసింది. రెండంతస్తుల మేడలో ఒకావిడ పిడికిలి పిచ్చుక గుప్పెడు, ఇస్త్రీ పెట్టె తోసే గంగమ్మ పిడికిలి ఏనుగు తల. మా అమ్మ పొద్దున్నే తల తుడుచుకుంటూ వంటింట్లోకి వచ్చి, చేట తీసుకుని, బియ్యం కొలిచి, ఏదో మంత్రం చదివినట్టు పెదాలు కదుపుతూ ఒక పిడికెడు తీసి సట్టిలో జారవిడిచేది. ఒక్క గింజ కింద పడితే వంగి తీసి మళ్లీ సట్టిలోనే వేసేది, మా బియ్యంలో వేసేది కాదు. ఇంతవరకు అంతా ముచ్చటగానే ఉంది. అసలు సంగతి మొదటి రోజు అండా పొయ్యి మీద పెట్టినప్పుడు తేలింది. ఒక ఇంటివాళ్లది సన్నబియ్యం, ఒక ఇంటివాళ్లది రేషను బియ్యం, అరవదేశం వైపు సంబంధాలున్నవాళ్లది ఉప్పుడు బియ్యం, ఇంకొకరిది నూకలు. పాతదీ కొత్తదీ అన్నీ ఒకే అండాలో పడ్డాయి. నూకలు గంజై, సన్నబియ్యం మెత్తటి ముద్దయి, ఉప్పుడు బియ్యం మాత్రం "మాకేం తొందర" అన్నట్టు రాళ్లలాగా కూర్చుంది. మా నాయన వచ్చి, గరిటెతో కొంచెం తీసి అరచేతిలో వేసుకుని, బియ్యం వ్యాపారి పడగల అతి పెద్ద దుఃఖం పడ్డాడు. "ఒరే, దీన్ని అన్నమనరు. సంతలో తప్పిపోయిన పిల్లకాయల గుంపురా ఇది" అన్నాడు. అందుకని మర్నాటి నుంచి సంగటికి దిగాం. పిండి మర ఆయన రాగిపిండి ఇస్తానన్నాడు. బియ్యం ఏ జాతిదైనా సరే, రాగిపిండి పోసి తెడ్డుతో కెలికితే ముద్దలో కలిసిపోవలసిందే. నంచుకోవడానికి చింతపులుసు. ఆ తెడ్డు మా ఇద్దరికంటే పొడుగు. దాన్ని మేం తిప్పుతున్నామో అది మమ్మల్ని తిప్పుతున్నదో చూసేవాళ్లకు తెలిసేది కాదు.

జనం బారులు తీరి కూర్చునేవారు. బావులెండి, ఎడ్లను అమ్ముకుని, కరువు పని దొరికితే రోడ్డుకు కంకర కొట్టి, దొరకని రోజు సత్రానికి వచ్చేవారు. వాళ్ల మధ్యలో ఒక తాత మాత్రం కూర్చునేవాడు కాదు. వేపచెట్టుకు ఆనుకుని, ఉతికిన పంచె, భుజాన మడత చెదరని తువ్వాలుతో, పెళ్లికి వచ్చిన పెద్దమనిషిలాగా నిలబడి చూసేవాడు.

"తాతా, నిలబడినావే? కుచ్చో, ముద్ద ఏస్తారు" అన్నాను మొదటి రోజు.

"తినే వచ్చినా నాయనా. మీరేందో చేస్తాండారని ఊళ్లో చెప్పుకుంటా ఉంటే సూసిపోదామని వచ్చినా" అన్నాడు. అని, కుండలోంచి ఒక చెంబు నీళ్లు తాగాడు. తర్వాత ఇంకొక చెంబు. తర్వాత ఇంకొకటి. సత్రం నీళ్లు బాగున్నాయని మెచ్చుకున్నాడు.

మునిరత్నం నన్ను పక్కకు లాగాడు. "శెట్టీ, ఆ తాత తిన్లేదురా."

"నీకెట్ల తెలుసు?"

"తిన్నోడు తినేవాళ్ల పక్క సూస్తాడు. ఆకలైనోడు ఎంతసేపటికీ ఆకాశం పక్క సూస్తాడు. మా ఇంట్లో నేను సూసేది యాడికో నువ్వు గమనించలా?"

మధ్యాహ్నం మండీలో మా నాయనను అడిగితే, ఆయన తాంబూలం నమలడం ఆపేశాడు. అది మా ఇంట్లో చావు కబురుకు తప్ప ఆగేది కాదు. "చెంగల్రాయ నాయుడా? ఏటికవతల పల్లె. ఒరే, వాళ్ల కళ్లం కాడికి పొయ్యి తినకుండా తిరిగొచ్చిన శెట్టి ఇంకా పుట్లేదురా. వడ్లు కొందామని పోతే, బేరం కంటే ముందు విస్తరాకు పరిచేవాడు. కళ్లం కాడ దావలో పోయే బండోణ్ని కూడా దించి తినిపించి పంపించేవాడు. ఈ నా బొజ్జలో సగం ఆయనదే" అని తన పొట్ట చూపించాడు. మర్నాడు ఆయనను మండీలోకి పిలిచి, ఒక సంచి బియ్యం ముందర పెట్టాడు. నాయుడు సంచిని తట్టి, గింజ చూసి, "మంచి సరుకు పట్టినావు శెట్టీ" అని మెచ్చుకుని, మజ్జిగ కూడా వద్దని వెళ్లిపోయాడట. మా నాయన ఆ రోజు ఎవరితోనూ బేరం ఆడలేదు. అడిగిన రేటుకు ఇచ్చేశాడు.

ఇక అక్కడి నుంచి చెంగల్రాయ తాతకు తినిపించడం మా ముగ్గురికీ పంటకాలువ తవ్వినంత పనైపోయింది. ఉప్పు చూడమని పిలిస్తే, వేలి చివర అంటించుకుని నాలుక మీద పెట్టుకుని "సరిపోయింది" అన్నాడు. కొండ ప్రసాదం ఎవడూ కాదనలేడని వేదవల్లమ్మ గారు పుట్టింటి నుంచి వచ్చిన లడ్డు తెచ్చి ఇచ్చారు. కళ్లకద్దుకుని, ఒక్క పలుకు నోట్లో వేసుకుని, మిగతాది తువ్వాలు కొసన ముడేసుకున్నాడు. ఆ ముడి ఊరికి పోయి ఎన్ని చేతుల్లో పడిందో మాకు తెలియదు. అప్పుడు మునిరత్నానికి, వాడి జీవితంలో మొదటిసారి, ఒక ఆలోచన వచ్చింది. "దానమైతే తినడు. కూలి అయితే తింటాడు గదా. పని ఇద్దాంరా."

మేమిద్దరం చేతులు బొబ్బలెక్కినట్టు నటించాం. నటించవలసిన అవసరం పెద్దగా లేదు. "తాతా, మాకు చేతగాలేదు, రోంత కెలికి పెట్టవా?" అన్నాం. ఆయన ఎగాదిగా చూసి, "బి.ఎ. చదివినోళ్లు కదా, పిండితో మీకేం పని" అని, తువ్వాలు తలకు చుట్టుకుని తెడ్డు అందుకున్నాడు. నిజం చెప్పాలంటే ఆయన కెలికిన సంగట్లో కూడా మా సంగట్లో ఉన్నన్ని ఉండలూ ఉన్నాయి. కానీ ఆ మనిషి మారిపోయాడు. కెలకడం అయ్యాక ముద్దలు చేసి తనే వడ్డిస్తానన్నాడు. బారు పొడుగునా వంగి వంగి నడుస్తూ, "ఇంకొకటి ఎయ్యనామ్మే? సిగ్గుపడొద్దు, మన కళ్లమే అనుకో" అంటున్నాడు. "ఏమప్పా, పులుసు పోసుకోకుండా మింగతావా, కోడి మాదిరి?" అంటున్నాడు. వేపచెట్టు కింద నిలబడి ఆకాశం చూసిన మనిషి ఈయనేనా అనిపించింది. మునిరత్నం నా డొక్కలో పొడిచి, గెలిచామన్నట్టు కళ్లెగరేశాడు.

అందరూ లేచాక, "ఇంక నువ్వు కుచ్చో తాతా, నేనేస్తా" అన్నాను.

"వడ్డించేటోడు కడాన గదా నాయనా తినేది. సూడు, ఇంకా ఇద్దరొస్తాండారు" అన్నాడు.

ఆ ఇద్దరూ అయ్యాక ఇంకొకావిడ పిల్లను చంకనేసుకుని వచ్చింది. అది అయ్యాక అండా అయిపోయింది. ఆయన అండాలోకి వంగి చూసి, పెళ్లి భోజనాలు ముగించిన ఇంటి యజమానిలాగా తృప్తిగా తల ఊపి, "సరిగ్గా సరిపోయింది" అన్నాడు. అప్పుడు అర్థమైంది మాకు. ఆ పెరట్లో తినడానికి వీల్లేని పని ఒక్కటే ఒక్కటుంది, దాన్నే ఏరి కోరి ఆయన చేతికిచ్చాం. మా వైపు వడ్డించేవాడు కడాన తింటాడు, అందులో ఇంకో మాట లేదు. కరువు సంవత్సరంలో ఆ కడ ఎక్కడుంటుంది? బారు అయిపోయేలోపలే అండా అయిపోతుంది. రోజూ అదే జరిగింది. ఒక గిన్నెలో ముద్ద తీసి ఆకు మూసి దాచిపెడితే, కనిపెట్టి, దారిన పోయే చిలకజోస్యం అతణ్ని పిలిచి, "రాప్పా, నీకోసమే పెట్టుండారు" అని కూర్చోబెట్టాడు. అతను ఇంట్లో తినే వచ్చానని మొత్తుకుంటున్నా వినలేదు. తను రోజూ చెప్పే ఆ మాటే ఇంకొకరు చెబితే మాత్రం నమ్మడు!

"ఆ తెడ్డు లాగేసుకుందాం" అన్నాను.

వేదవల్లమ్మ గారు తల అడ్డంగా ఊపారు. "వద్దురా అబ్బాయీ. తెడ్డు తీసుకుంటే రేపు రాడు. రాకపోతే ఆ నీళ్లు కూడా తాగడు" అన్నారు. ఆ పెరట్లో వండిన దాన్ని ఏనాడూ తిననివాళ్లు ఇద్దరు, మడి కట్టుకున్న ఈవిడా, తెడ్డు పట్టుకున్న ఆయనా. ఆ వంట నడిపింది వాళ్లిద్దరే. మిగతా మేమంతా తినేవాళ్లం, చూసేవాళ్లం.

ఎండలు ముదిరే కొద్దీ పిడికిళ్లు చిన్నవయ్యాయి. ఎవరినీ తప్పు పట్టడానికి లేదు, ఇళ్లలోనే బియ్యం కొలిచే గిన్నె మారింది. గంగమ్మ ఏనుగు తల కూడా కోడిగుడ్డయింది. బారు మాత్రం రోజురోజుకూ పొడుగయింది. తాత ముద్దలు చిన్నవి చేసి, మాటలు పెద్దవి చేసి వడ్డించేవాడు. ఆయన అంగీ ఆయన ఒంటి మీద కాక కొయ్యకు తగిలించినట్టు వేలాడేది. ఒక రోజు రాలేదు. మర్నాడు కూడా రాలేదు. ఆ సాయంత్రం వేదవల్లమ్మ గారు ఒక సంచిలో బియ్యం, ఇంకో దాంట్లో రాగిపిండి కట్టి, మా నాయన సైకిలు వెనక పెట్టించి, నన్ను పొమ్మన్నారు.

ఏరు దాటి, ఇసకలో సైకిలును నేను మోసి, మిగతా దూరం అది నన్ను మోసి, పల్లె చేరాను. తాత గుడిసె ముందర నులక మంచం మీద పడుకుని ఉన్నాడు. కొడుకు బెంగుళూరికి మట్టి పనికి పోయాడట, ఇంట్లో ఆయనా, ఆయన భార్య మునెమ్మవ్వా. నన్ను చూడగానే లేచాడు. లేవడం అంటే మంచం పట్టె పట్టుకుని, ఒక్కో ఎముకనూ విడివిడిగా బతిమాలి లేపాడు. "మేయ్, శెట్టి కొడుకు వచ్చినాడు. చెంబు తే. అంబలి పొయ్యి" అని కేకేశాడు.

"తినే వచ్చినా తాతా" అన్నాను.

"ఎండలో సైకిలు తొక్కుకోని వచ్చినోడు తినే వస్తాడా? యాడ నేర్చినావురా ఈ మాట?" అని నవ్వాడు.

మునెమ్మవ్వ లోపలికి వెళ్లింది. సట్టి అడుగును గరిటె గీకుతున్న శబ్దం వినబడింది. చాలాసేపు వినబడింది. సత్తు గిన్నెలో అంబలి, పైన సగం ఎర్రగడ్డ, ఉల్లి ఘాటుతో. అవ్వ నా ముందు పెట్టి, వాకిలికి ఆనుకుని నిలబడింది. "మీయమ్మ బాగుండాదా నాయనా?" అన్నది. నేను గిన్నె వంక చూశాను, వాళ్ల వంక చూశాను. తాగకపోతే ఆయన ఆ మంచం మీదనే చచ్చిపోతాడనిపించింది. తాగాను. ఎంత పుల్లగా, ఎంత చల్లగా, ఎంత బాగుందో చెప్పాలంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది. తాత నా గొంతు కదలడమే చూస్తూ కూర్చున్నాడు. "ఇంకొంచెం పొయ్యి మేయ్" అన్నాడు. అవ్వ లోపల్నుంచి ఖాళీ చేతులతో రాలేదు. సట్టి కడిగిన నీళ్లే అయి ఉండాలి, గిన్నెలో పోసింది. అవి కూడా తాగాను.

సంచులు నెమ్మదిగా తలుపు చాటుకు జరిపి లేవబోయాను. ఆయన చూడనే చూశాడు.

"అదేంది?"

"వేదవల్లమ్మ గారు పంపించినారు తాతా. ఊరికే..."

సంచి చేత్తో ఎత్తి చూడబోయి, ఎత్తలేక, తట్టి చూశాడు. "పిడికెడు బియ్యమా?" అన్నాడు. "ఇవి ఆడ కూసున్నోళ్లవి నాయనా. వడ్డించేదానికి గదా తెడ్డు నాకిచ్చినారు. దీంట్లో నేను తీసుకుంటే రేపు ఏ మొగం పెట్టుకోని 'ఇంకొకటి ఎయ్యనా' అని అడిగేది? తీసకపో. రేపు నేనొస్తా."

నేను అవ్వ వంక చూశాను. ఆవిడ సంచుల వంకే చూస్తోంది. సంచులు సైకిలు మీద పెట్టి తాడు కడుతుంటే, నాకు చేతకావడం లేదని ముందుకొచ్చి, కొస నోటితో పట్టుకుని, దారిలో జారకుండా తనే గట్టిగా బిగించి ముడేసింది. తిరిగి వచ్చేటప్పుడు సైకిలు వెళ్లేటప్పటికంటే తేలిగ్గా సాగింది. కడుపు నిండా తిన్నవాణ్ని కదా.

మా మేనకోడలి నియమాలు మంచివే. పేరడగరు, ముఖం చూడరు, తిన్నావా అని అడగరు. ఇచ్చేవాడికీ పుచ్చుకునేవాడికీ మధ్య ఒక గోడ, దానికొక కిటికీ. ఆ కిటికీ ఆనాడు మా సత్రానికి ఉండి ఉంటే తాత తినేవాడా అని ఎన్నోసార్లు ఆలోచించాను. కిటికీ దగ్గర నిలబడి వచ్చేవాళ్లకు తలుపు తీసి పట్టుకునేవాడు, అంతే. కానీ మునెమ్మవ్వ? ఆవిడను ఎవరూ అడగలేదు. మేం ముగ్గురం ఆయన ఆకలి చుట్టూ పీటలేసుకుని కూర్చున్నాం గానీ, ఏటికవతల ఇంకొక ఆకలి ఉందని, దాని చేతిలో తెడ్డు లేదు, గౌరవమూ లేదు, ఉత్త ఆకలేనని మాకు తట్టలేదు.

చెంగల్రాయ తాత మర్నాడు రాలేదు. ఆ తర్వాతా రాలేదు. తెడ్డు మళ్లీ మేమే పట్టాం. కొన్నాళ్లకు, పిడికిళ్లు మరీ చిన్నవై, ఇంక సత్రం మూసేద్దామా అని వేదవల్లమ్మ గారు అంటున్న ఒక మధ్యాహ్నం, ముద్దలు వేసుకుంటూ బారు వెంట వస్తున్న నాకు చివర్లో మునెమ్మవ్వ కనబడింది. నేల మీద కూర్చుని, ముందర ఆకు పరుచుకుని ఉంది. "తాత యాడవ్వా?" అని అడగబోయి, బొట్టు లేని నుదుటి వంక చూసి ఆగిపోయాను. ఆకు మీద ముద్ద వేశాను. పులుసు పొయ్యకముందే తినడం మొదలుపెట్టింది. అది అయిపోయాక, తల ఎత్తకుండా, చెయ్యి ఆకు మీదనే ఉంచి,

"ఇంకొకటి ఎయ్యి నాయనా" అన్నది.